గోరింట చెట్టులో గూడు, మేడ కిటికీలో బైనాక్యులర్: తొమ్మిది నెలల వాడకం తరువాత

2025 జూన్ మొదటి వారంలో ఎనిమిదిన్నర వేల రూపాయలకు ఒక 8×42 బైనాక్యులర్ కొన్నాను. ఇప్పటికి తొమ్మిది నెలలుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. గూటిలోని పిట్టపిల్లలను వాటి దగ్గరకు పోకుండా చూడాలన్న ఒక్క అవసరం కోసమే దీన్ని కొన్నాను కాబట్టి, ఈ సమీక్షలో దీన్ని ఆ ఒక్క గీటురాయి మీదనే పరీక్షిస్తున్నాను. ఆ పనికి ఇది బాగా పనికివచ్చింది. లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇవే కొలతలతో, ఇంచుమించు ఇదే ధరలో నాలుగైదు కంపెనీల సరుకు దొరుకుతున్నది. కొనేవారు చూసుకోవలసినది ఆ కొలతలనే.

అవసరం ఎలా కలిగిందో ముందు చెప్పాలి. నెల్లూరులోని మా ఇంటి పెరట్లో, ప్రహరీ గోడ పక్కన, మా అత్తగారు నాటిన గోరింట చెట్టు ఒకటి ఉంది. ఆషాఢం వచ్చిందంటే మా వీధిలోని ఆడవాళ్ళందరి చేతులూ పండేది ఆ చెట్టు ఆకుతోనే. 2024 ఆషాఢంలో ఆకు దూస్తూ ఒక కొమ్మను వంచినప్పుడు లోపల పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడూ, అందులో మూడు పిల్లలూ కనిపించాయి. అందరమూ స్టూలు వేసుకొని వంతులవారీగా చూశాము. ఫోటో బాగా రావాలని అడ్డం వచ్చిన కొమ్మలను తాడుతో వెనక్కి కట్టాము. సాయంత్రానికి తాడు విప్పేశాము కానీ, ఆకు దూసిన ఆ కొమ్మలు గూటికి మరుగు కాలేకపోయాయి. మరునాడు తెల్లవారేసరికి గూడు ఖాళీగా ఉంది, ప్రహరీ గోడ మీద రెండు కాకులు ఉన్నాయి. తల్లిపిట్ట నోట పురుగు కరుచుకొని రెండు రోజులపాటు ఆ చెట్టు చుట్టూ తిరిగింది. మనిషి చేయి తగిలితే ఆ వాసనకు తల్లి పిల్లలను వదిలేస్తుందని పెద్దలు అంటూ ఉంటారు. మా పెరటి తల్లి వదలలేదు. ఆ పిల్లలను పోగొట్టింది మేము ఆకుల మరుగు తొలగించడమే. ఆనాటి ఫోటోలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. వాటిని తెరవడానికి మనసు రాదు. అడవిపక్షుల గుడ్లను పాడుచేయడాన్నీ, గుడ్లనూ గూళ్ళనూ కదిలించి చెదరగొట్టడాన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాట కిందికే తెచ్చిందని నాకు ఆ తరువాత తెలిసింది. చట్టం సంగతి తెలియకముందే, మళ్ళీ అలా చేయకూడదని నిర్ణయించుకున్నాను.

మొదట ట్రంకు రోడ్డులో ఒక అంగడికి పోయి అడిగాను. అక్కడ చూపించినవన్నీ పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు వేసిన బొమ్మసరుకు. వంద రెట్లు దగ్గరగా కనిపిస్తుందని చెప్పిన ఒక దానిలోంచి ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకును చూస్తే, అది పొగమంచులో ఊగుతున్నట్టు కనిపించింది. కొనబోయేవారికి ఈ అంకెల సంగతి తెలియడం అవసరం. 8×42లో మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. రెండవది ముందుండే కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. ఇందులో అది 5.25 మిల్లీమీటర్లు. ఆకుల నీడలో, గుబురు లోపల ఉండే గూటిని తెల్లవారుజామునో మునిమాపునో చూడాలనుకునేవారికి ఈ భాగహారమే అన్నిటికంటే ముఖ్యం. రెట్లు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, చూపు పరిధి ఇరుకవుతుంది, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది. చేత్తో పట్టుకొని చూడడానికి ఎనిమిది రెట్లు చాలు.

చివరకు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మొదట వచ్చినదానిలో లోపం ఉంది. రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు కుదరలేదు. పది నిమిషాలు చూసేసరికి కణతలు నొప్పి పుట్టేవి. అది అలవాటు లేక వచ్చిన నొప్పి అనుకొని నాలుగు రోజులు భరించాను; అలా భరించి ఉండవలసింది కాదు. దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ కళ్ళను బైనాక్యులర్ నుంచి మెల్లగా వెనక్కి జరిపితే ఒకే తీగ రెండుగా విడిపోయి కనిపించింది. ఆ సంగతి రాసి పంపితే వారంలోపే మార్చి ఇచ్చారు. రెండవది సరిగా ఉంది. మీరు ఏ కంపెనీది కొన్నా, వచ్చిన రోజునే ఈ తీగ పరీక్ష చేయండి. వాపసు గడువు తక్కువ రోజులే ఉంటుంది.

అదే నెలలో పిగిలిపిట్టలు మళ్ళీ ఆ గోరింట చెట్టునే ఎంచుకున్నాయి. ముళ్ళు ఉండే గుబురు చెట్టు కాబట్టి వాటికి అది నచ్చుతుంది. మా మేడ మీది గది కిటికీలోంచి చూస్తే గూడు కాస్త కిందుగా, పదకొండు అడుగుల దూరంలో ఉంది. గిన్నెలాంటి గూటి లోపల ఏముందో కనపడాలంటే చూసేవారు పైన ఉండాలి. ఆ వీలు మాకు అదృష్టంగా కుదిరింది. పదకొండు అడుగులను ఎనిమిదితో భాగిస్తే అడుగున్నర కూడా కాదు. ఏడాది కిందట స్టూలెక్కి, కొమ్మలు వంచి చూసినప్పుడు కూడా నా ముఖం గూటికి అంతకంటే దగ్గరగా లేదు.

జూన్ 20 నాటికి మూడు గుడ్లు ఉన్నాయి. లేత గులాబి రంగు మీద ఇటుక రంగు చుక్కలు, ఒక కొసన చిక్కగా, మరొక కొసకు పోయేకొద్దీ పలచగా ఉన్నాయి. సరిగ్గా ఆషాఢం మొదలైన వారంలో, గోరింటాకు కోసం ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కాదని పంపడం ఎలాగా అని చాలా మథనపడ్డాను. చివరకు ఉత్తరం వైపు కొమ్మల ఆకు నేనే దూసి ఇచ్చి, వచ్చినవారిని మేడ మీదికి తీసుకుపోయి, బైనాక్యులర్ చేతికిచ్చి, దక్షిణం వైపు ఎందుకు ముట్టుకోనివ్వడం లేదో చూపించాను. జూలై 4న మొదటి పిల్ల గుడ్డు పగులగొట్టుకొని బయటపడింది, మరునాటికి మూడూ వచ్చేశాయి.

మా పక్కింటి పెద్దమ్మకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది, అద్దాలు పెట్టుకుంటారు. అద్దాలు తీయకుండానే ఈ బైనాక్యులర్‌తో ఆమె చూడగలరా అన్నది నాకు సందేహంగా ఉండేది. కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను తిప్పి పూర్తిగా కిందికి దించి ఇస్తే వృత్తం మొత్తం కనిపించింది. అద్దాలు పెట్టుకునేవారు కొనేటప్పుడు కంటికీ కంటి కటకానికీ మధ్య ఉండగల దూరం 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. ఇందులో అది 17. కుడి కంటి దగ్గరున్న, రెండు కళ్ళ చూపులోని తేడాను సరిచేసే డయాప్టర్ మరను కూడా ఆమె చూపుకు తగినట్టు తిప్పవలసి వచ్చింది. ఆమె చాలాసేపు కదలకుండా చూసి, "ఒళ్ళంతా నోరే ఉన్నట్టుందే అమ్మణ్ణీ," అన్నారు. అది అచ్చంగా నిజం. అప్పుడే పుట్టిన పిల్లలకు ఒంటి మీద నూగు కూడా లేదు. కళ్ళు తెరుచుకోలేదు, చర్మం కింద నల్లని ఉబ్బులుగా మాత్రమే కనిపిస్తున్నాయి. తల్లి కొమ్మ మీద వాలిన కదలిక తగలగానే సన్నని మెడలు మూడూ ఒక్కసారిగా లేచి, ఎర్రని నోళ్ళు తెరుచుకొని వణుకుతున్నాయి.

ఆ వారంలోనే రొట్టెల పండుగ వచ్చింది. బారా షహీద్ దర్గాకు పోదామని ఒంగోలు నుంచి మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకొని ఇంటికి వచ్చిన పిల్లలు నలుగురూ, అప్పటి నుంచి మూడు రోజులపాటు ఆ కిటికీ వదలలేదు. పెరట్లోకి దిగవద్దని ఒక్కసారి చెప్పాను, అంతే. దగ్గరకు పోవాలన్న ఆత్రం పిల్లలకు సహజం. ఆ ఆత్రాన్ని ఈ పరికరం తీర్చింది కాబట్టి రెండవసారి చెప్పే అవసరం రాలేదు.

పిట్టపిల్లల రెట్ట సంగతిని మొదట కనిపెట్టింది వాళ్ళలో చిన్నవాడే. మేత పెట్టిన తరువాత తల్లి వెంటనే ఎగిరిపోదు. గూటి అంచున తల వంచి ఒక్క క్షణం ఆగుతుంది. మేత తిన్న పిల్ల వెనుక భాగం పైకెత్తి, పలుచని పొర కట్టిన తెల్లని సంచిలాంటి ముద్దను విడుస్తుంది. తల్లి దాన్ని ముక్కుతో అందుకొని అక్కడే మింగేస్తుంది. పిల్లలు కాస్త పెద్దవైన తరువాత దాన్ని నోట కరుచుకొని దూరంగా తీసుకుపోవడం కూడా చూశాము. గూటిలోగానీ, చెట్టు కిందగానీ రెట్ట కనపడదు. ఉత్త కంటితో చూసిన రోజుల్లో, పిట్ట ఎందుకు ఆగుతుందో తెలియక, అది పిల్లలను ముద్దు చేస్తున్నదని మేము అనుకునేవాళ్ళము.

కళ్ళు అయిదవ రోజున సన్నని గీతలుగా తెరుచుకున్నాయి. రెక్కల అంచున బూడిదరంగు గొట్టాల వరుస కనిపించింది, ఈకలు వాటిలో చుట్టుకొని ఉన్నాయి. మొదటి రోజుల్లో మెత్తని పురుగులే తెచ్చిన తల్లిదండ్రులు, వారం తిరిగేసరికి మిడతలనూ వేపపండు గుజ్జునూ తేవడం మొదలుపెట్టాయి. ఒక ఉదయం ఆరు నుంచి ఏడు వరకు లెక్కపెడితే రెండూ కలిసి తొమ్మిదిసార్లు వచ్చాయి.

జూలై 11న జెముడుకాకి వచ్చింది. తల్లిపిట్టల అరుపు మారడం విని బైనాక్యులర్ అందుకునేసరికి, ఎర్రని కళ్ళూ ఇటుకరంగు రెక్కలూ ఉన్న ఆ పెద్ద పిట్ట కొమ్మల లోపల మెల్లగా పైకి పాకుతున్నది. నేను కిటికీ తలుపు మీద గట్టిగా కొట్టాను. అది ఎగిరింది గానీ ఒక పిల్లను తీసుకునే పోయింది. అంత దగ్గరగా, అంత స్పష్టంగా చూడడం ఆ రోజున నాకు చాలా కష్టమైంది. జెముడుకాకికీ ఎక్కడో గూడు ఉంటుందని తెలుసు. తెలిసినా ఆ పూట అన్నం సహించలేదు. ఈసారి మేము గూడున్న కొమ్మను వంచలేదు, ఆ వైపు ఆకు దూయలేదు, గూటి దగ్గరకే పోలేదు. మిగిలిన రెండు పిల్లలు జూలై 16న ఒకటీ, 17న ఒకటీ గూడు దాటి బయటికి వచ్చాయి. తోకలు పొట్టిగా, తోక కింది ఎరుపు ఇంకా పాలిపోయి ఉంది. సరిగా ఎగరలేక గోడ మీదికి దుముకుతూ, కొమ్మల మీద పడుతూ లేస్తూ, సాయంత్రానికి పక్కింటి నందివర్ధనం చేరుకున్నాయి.

ఇక లోపాలు. రెండు మీటర్ల దూరం నుంచే ఫోకస్ కుదురుతుందని పెట్టె మీద రాసి ఉంది. టేపు పెట్టి కొలిస్తే 2.6 మీటర్లకు లోపల ఏదీ స్పష్టంగా లేదు. మా గూటికి ఇది అడ్డు కాలేదు గానీ, వరండా కుండీలో అల్లుకున్న తేనెపిట్ట గూటిని ఎదురుగా కూర్చొని చూడాలనుకునేవారికి అడ్డవుతుంది. బరువు 650 గ్రాములు. ఐదు నిమిషాలకు ఏమీ అనిపించదు, అరగంటకు భుజాలు లాగుతాయి. కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించి కొన్నాళ్ళు చూశాను. తరువాత, ముందువైపు ఇరుసు దగ్గరున్న మూత విప్పితే స్టాండుకు బిగించే మర కనిపించింది. దానికి కావలసిన అడాప్టర్‌ను కంపెనీవారు పెట్టెలో ఇవ్వలేదు, ఆరు వందలు పెట్టి విడిగా కొన్నాను. ఆ ఆరు వందలను ధరలో కలిపే లెక్కించుకోవాలి, ఎందుకంటే గూటిని గంటలకొద్దీ చూడాలంటే స్టాండు తప్పనిసరి.

లోపల నైట్రోజన్ నింపారు కాబట్టి ఆవిరి పట్టదని రాశారు. లోపల పట్టకపోవడం నిజమే. అయితే రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పొద్దున్నే నెల్లూరు ఉక్కలోకి తెస్తే బయటి కటకాల మీద దట్టంగా పడుతుంది. పావుగంట ముందే బయట పెట్టుకుంటే సరిపోతుంది. కిటికీ అద్దంలోంచి చూస్తే ఎంత మంచి కటకమైనా మసకగానే చూపిస్తుంది కాబట్టి తలుపు తెరిచే చూడాలి. గదిలో దీపం ఆర్పి, సగానికి పలుచని తెర కట్టుకుంటే పిట్టలు మనల్ని పట్టించుకోవు.

సంక్రాంతి తరువాత, జనవరిలో, దీన్ని నేలపట్టుకు తీసుకుపోయాను. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో మనది అనుకున్న ఈ పక్షుల కేంద్రం 2022 విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గానీ, నెల్లూరువాళ్ళకు అది ఇప్పటికీ ఇంటి పక్క చెరువే. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటు సుమారు 459 హెక్టార్లు ఉంటుంది. దొరవారిసత్రం స్టేషనులో దిగితే దగ్గరే. చెరువు నీళ్ళలో నిలిచిన కడప చెట్ల తలల మీద, ఒకదాన్ని ఆనుకొని మరొకటిగా, గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు ఉంటాయి. అక్కడ గట్టు మీద నుంచే చూడాలి, అంతకంటే ముందుకు పోకూడదు, పోనివ్వరు కూడా. ఇంట్లో నేను ఏ పనికి దీన్ని వాడుతున్నానో, అక్కడ ఆ పని కొన్ని వందల గూళ్ళకు ఒకేసారి జరిగినట్టు అనిపించింది.

ఎనిమిది రెట్ల చూపు అక్కడ చాలింది. తెల్లని నూగుతో ఉన్న పెద్ద పెద్ద పిల్లలు, తల్లి ముక్కు కింది సంచిలోకి తలతో సహా మెడ మొత్తం దూర్చి చేపలు తింటుంటే, తల్లే పిల్లను మింగుతున్నదేమోనని ఒక్క క్షణం భయం వేసింది. ఎండ ఎక్కిన తరువాత ఒక ఎర్రకాళ్ళ కొంగ రెక్కలు సగం విప్పి, పిల్లల మీద గొడుగులా నిలబడి ఉండిపోయింది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం నత్తగుల్ల కొంగల గూళ్ళు. పెద్ద కొంగ ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు ఉంటుంది, ఆ సందును బట్టే దాన్ని గుర్తుపడతాము. పక్కనే ఉన్న పిల్లల ముక్కులకు ఆ సందు లేదు, నిటారుగా, బిగువుగా మూసుకొని ఉన్నాయి. పుట్టుకతో రాని ఆ సందు పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పుస్తకాల్లో బొమ్మలు ఎన్నిసార్లు చూసినా నాకు తోచని ఈ తేడా, తల్లీ పిల్లా ఒకే వృత్తంలో పక్కపక్కన కనపడేసరికి తెలిసింది. చూపు పరిధి వెడల్పుగా ఉండడం వల్ల కలిగే మేలు ఇదే. వెయ్యి మీటర్ల దూరంలో 129 మీటర్ల మేర కనిపిస్తుందని పెట్టె మీద రాశారు, ఆ మాట నమ్మదగినదే అనిపించింది.

అక్కడే ఇంకొక లోపం బయటపడింది. తెల్లని గూడబాతు వెలుగుతున్న ఆకాశానికి ఎదురుగా ఉంటే దాని అంచుల చుట్టూ సన్నని ఊదారంగు గీత కనిపిస్తుంది. గోరింట చెట్టు నీడలో ఇది ఎన్నడూ కనపడలేదు. ఈ ధరలో ఇది తప్పదు. సూర్యుడు వీపు వెనుక ఉండే చోటు చూసుకొని నిలబడితే చాలావరకు తగ్గుతుంది. పక్కన నిలబడిన ఒకాయన తన 10×42 ఇచ్చి చూడమన్నారు. గూడబాతు ముక్కు అంచున ఉండే చుక్కలు అందులో మరింత విడివిడిగా కనిపించాయి, కానీ గట్టు మీది గాలికి చేయి నిలవక రెండు నిమిషాలకే తిరిగి ఇచ్చేశాను.

శుభ్రం చేయడం గురించి ఒక్క మాట. దుమ్ము పడిందని వెంటనే చీర కొంగుతో తుడవకూడదు. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కటకం మీద గీత పడుతుంది. మొదట రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాతే దానితోపాటు ఇచ్చిన బట్టతో తుడవాలి. మన తేమకు బూజు పట్టకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెడుతున్నాను.

క్రికెట్ ఆటకో, కొండ మీది గుడి గోపురం చూడడానికో అయితే ఇంతకంటే చిన్నది, తేలికది, సగం ధరకే దొరుకుతుంది. పెరట్లోనో ఎదుటి చెట్టులోనో గూడు ఉండి, కాళ్ళు అటే లాగుతున్నవారికి మాత్రం ఎనిమిదిన్నర వేలు, పైన స్టాండు ఖర్చు, ఎక్కువ కాదని నా అనుభవం.

ఈ వారంలో ఒక జత పిగిలిపిట్టలు సన్నని పుల్లలు నోట కరుచుకొని మళ్ళీ గోరింట చెట్టులోకి దూరుతున్నాయి. స్టాండును మేడ మీది కిటికీ దగ్గర బిగించి పెట్టాను. దక్షిణం వైపు కొమ్మల ఆకు ఈ ఏడు కూడా ఎవరికీ ఇవ్వనని పక్కింటి పెద్దమ్మ నాకంటే ముందే వీధిలో చెప్పేశారు.